పక్క బోరు ఎంత దూరం: బంగ్లాదేశ్ ఆర్సెనిక్ నీళ్లపై ఒక కేస్ స్టడీ

బంగ్లాదేశ్ రాజధాని ఢాకాకు తూర్పున ఉన్న ఆరాయ్‌హజార్ ప్రాంతంలో 2000, 2001 సంవత్సరాల్లో ఇరవై ఐదు చదరపు కిలోమీటర్ల మేర ఉన్న బోర్లను వరసపెట్టి పరీక్షించారు. అవి దాదాపు 6,000. లీటరు నీటిలో ఆర్సెనిక్ కొన్నింటిలో 5 మైక్రోగ్రాములకన్నా తక్కువగా తేలితే, కొన్నింటిలో 900 దాకా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10, బంగ్లాదేశ్ ప్రభుత్వం పెట్టుకున్న పరిమితి 50. ఒకే ఊళ్లో, ఒక్కోసారి పక్కపక్క వాకిళ్లలో ఉన్న రెండు బోర్లలో ఒకదాని నీళ్లు పసిబిడ్డకు కూడా పట్టదగినవి, రెండోదాని నీళ్లు ఏళ్ల తరబడి తాగితే చర్మాన్ని, ఊపిరితిత్తులను, మూత్రాశయాన్ని పాడుచేసేవి. ఆర్సెనిక్ వల్ల నీటికి రంగు రాదు, రుచి రాదు, వాసన రాదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినవాటిలో అది మరింత చిక్కబడుతుంది.

నేను తాగునీటి నాణ్యత పరీక్షించే పనిలో ఉన్నాను. ఈ పని మొదట నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ దగ్గర నేర్చుకున్నాను, తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో ఆర్సెనిక్ దగ్గర కొన్నేళ్లు చేశాను. ఆరాయ్‌హజార్ వివరాలు అక్కడ పనిచేసినవారు ప్రచురించిన పరిశోధనల నుంచి తీసుకున్నవి. చేతిపంపు దగ్గర జరిగే సంగతులు మాత్రం నదియాలో కళ్లారా చూసినవి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నది ఒకే డెల్టా, ఒకే ఒండ్రు, దాదాపు ఒకే రకం జీవితం. కాబట్టి రెండింటినీ కలిపి చెప్పడం తప్పు కాదనుకుంటున్నాను. ఆర్సెనిక్ అనగానే మన ఇంజనీర్ల మనసు ఫిల్టరు మీదికి పోతుంది. అంతకన్నా ముందు చేయవలసినదీ, అంతకన్నా ఎక్కువ మందిని కాపాడగలిగినదీ ప్రతి బోరునూ పరీక్షించి, ఆ ఫలితాన్ని తాగేవాళ్ల చేతికి అందించడమేనని ఈ కేసు చూశాక నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

మేలు కోసం తవ్విన బోర్లు

బెంగాల్ పల్లెల్లో ఒకప్పుడు తాగునీరంటే చెరువు నీరు, దిగుడు బావి నీరు. కలరా, అతిసారం ఏటా పిల్లలను ఎత్తుకుపోయేవి. 1970ల నుంచి యూనిసెఫ్, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ కలిసి చేతిపంపు బోర్లను ఊరూరా ప్రోత్సహించాయి. అవి చవక, తవ్వడం సులువు, నీళ్లలో రోగక్రిములు తక్కువ. తర్వాత ప్రభుత్వ ప్రమేయం లేకుండానే జనం సొంత డబ్బుతో ఎవరి వాకిట్లో వాళ్లు బోర్లు వేసుకున్నారు. ఒక తరం తిరిగేసరికి బోరు లేని ఇల్లు అరుదైపోయింది. ఇందులో దురుద్దేశం ఎవరిదీ లేదు. ఆనాటి నీటి పరీక్షల జాబితాలో ఆర్సెనిక్ లేదు, అంతే.

1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు డాక్టర్ కె.సి. సాహా పల్లెల నుంచి వచ్చిన కొందరి చర్మం మీది మచ్చలను చూసి, అవి ఆర్సెనిక్ వల్ల వచ్చినవని గుర్తించారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి తన బృందంతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి నీటి నమూనాలు పోగుచేశారు. అప్పటికి ఇది పశ్చిమ బెంగాల్ సమస్యే అనుకున్నారు. సరిహద్దు అవతల చాపాయ్ నవాబ్‌గంజ్‌లో 1993లో ఆర్సెనిక్ బయటపడింది. 1998, 1999లలో బ్రిటిష్ జియలాజికల్ సర్వే, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ కలిసి దేశమంతటా 3,534 బోర్ల నీళ్లు పరీక్షించగా, 150 మీటర్లకన్నా తక్కువ లోతున్న బోర్లలో 27 శాతం దేశ పరిమితిని దాటాయి. సుమారు మూడున్నర కోట్ల మంది 50 మైక్రోగ్రాములకు మించిన నీళ్లు తాగుతున్నారని ఆ సర్వే లెక్కగట్టింది. ఒక జనాభాకు ఇంత పెద్ద ఎత్తున విషం సోకడం చరిత్రలో ఎన్నడూ జరగలేదని అలన్ స్మిత్ అనే సాంక్రమిక వ్యాధుల నిపుణుడు తన సహచరులతో కలిసి 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు.

మా వృత్తివాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఇక్కడ ఒకటి ఉంది. బ్రిటిష్ జియలాజికల్ సర్వే 1992లో కూడా బంగ్లాదేశ్‌లో కొన్ని బోర్ల నీళ్లు పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఆ పరీక్షల జాబితాలో ఆర్సెనిక్ లేదు, అంటే దాని కోసం వెతకనే లేదు. ఆ నివేదికను నమ్మి నష్టపోయామంటూ ఒక బంగ్లాదేశ్ గ్రామస్థుడు బ్రిటన్‌లో దావా వేయగా, సర్వే సంస్థకు ఆయన పట్ల అలాంటి చట్టబద్ధమైన బాధ్యత లేదని 2006లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టివేసింది. చట్టం సంగతి చట్టానిది. నీటి నివేదిక మీద సంతకం పెట్టే మనిషిగా ఆ కేసు నాకు ఒక అలవాటు నేర్పింది. ఏవి పరీక్షించానో రాసిన పట్టిక కింద, ఏవి పరీక్షించలేదో వాటి పేర్లు కూడా రాస్తాను. చదివేవాడికి ఖాళీ గడి కనబడదు, పేరు కనబడితేనే అనుమానం వస్తుంది.

ఇసుక రంగు

ఆర్సెనిక్‌ను ఇక్కడి నీళ్లలో ఎవరూ కలపలేదు, ఏ ఫ్యాక్టరీ వదల్లేదు. హిమాలయాల రాళ్లలో కొద్దికొద్దిగా ఉన్న ఆర్సెనిక్ రాయి అరిగినప్పుడు ఇసుక రేణువుల పైనుండే ఇనుప తుప్పు పూతకు అంటుకుని గంగ, బ్రహ్మపుత్ర, మేఘ్నా నదుల వెంట డెల్టాకు చేరుతుంది. ఆ పూత చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. అయితే నది ఇసుకతోపాటు ఆకులను, పీచును, కుళ్లిన మొక్కలను కూడా పూడ్చిపెడుతుంది. నేలలోని సూక్ష్మజీవులు ఆ కుళ్లును తింటూ, అక్కడి ఆక్సిజన్ అయిపోయాక ఇనుప తుప్పును వాడుకుంటాయి. తుప్పు కరిగి నీటిలో కలిసినప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా విడిపోతుంది. బోర్లు తోడటం వల్ల నీటిమట్టం తగ్గి, గాలి తగిలి, ఆర్సెనిక్ ఉన్న గంధక ఖనిజాలు విచ్చిపోవడమే కారణమని మొదట్లో కొందరు భావించారు. తుప్పు కరగడమే అసలు కారణమన్న వాదన 1998లో నేచర్ పత్రికలో వచ్చాక, క్రమంగా దానికే ఆధారాలు బలపడ్డాయి.

ఒక బోరుకూ పక్క బోరుకూ అంత తేడా ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. నది వంపులు తిరుగుతూ ఒకచోట ఇసుక, ఒకచోట బంకమట్టి, మరోచోట కుళ్లుమట్టి పేర్చుకుంటూ పోయింది. పది గజాలు జరిగితే పొర మారిపోతుంది. ఆరాయ్‌హజార్‌లో 8 నుంచి 10 మీటర్ల లోతున్న బోర్లలో నాలుగో వంతు మాత్రమే 50ని దాటాయి. 15 నుంచి 30 మీటర్ల మధ్య నాలుగింట మూడు వంతులు దాటాయి. అక్కడినుంచి తగ్గుతూ పోయి 90 మీటర్ల దగ్గర పదో వంతుకన్నా తక్కువ మిగిలాయి. నల్లగొండ రాతినేలలో బోరు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ కావడం చూసి వచ్చిన నాకు, ఇక్కడ లోతే రక్షణ కావడం జీర్ణించుకోవడానికి కొంతకాలం పట్టింది. ఒకచోట నేర్చిన పాఠాన్ని మరో నేల మీద అలాగే అప్పజెప్పకూడదని అప్పుడే తెలుసుకున్నాను.

నదియాలో బోరు వేసే పద్ధతిని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఈ పొరల సంగతి పుస్తకం లేకుండానే బోధపడుతుంది. వెదురు బొంగులతో పరంజా కడతారు. ఒక మనిషి దాని మీద కూర్చుని గొట్టం మూతిని అరచేతితో మూస్తూ తెరుస్తూ ఉంటాడు. కింద ఇద్దరు ముగ్గురు వెదురు మీటను పట్టుకుని గొట్టాన్ని ఎత్తి దించుతారు. గొట్టం లేచేటప్పుడు అరచెయ్యి బిగుస్తుంది, దిగేటప్పుడు వదులవుతుంది, ఆ వదిలిన క్షణంలో బురదనీళ్లతోపాటు ఇసుక పైకి చిమ్ముతుంది. గోడలు కూలకుండా గుంతలో పేడ కలిపిన నీళ్లు పోస్తూ ఉంటారు. చాలాసేపు బూడిదరంగు ఇసుకే వస్తుంది. బాగా లోతుకు వెళ్లాక, కొన్నిచోట్ల, ఉన్నట్టుండి పసుపు కలిసిన ఎర్ర ఇసుక వస్తుంది. పైనున్న మనిషి నానిపోయిన అరచెయ్యి చాపి, అందులోని ఎర్ర ఇసుకను మాకు చూపించేవాడు. ఎరుపంటే తుప్పు పూత ఇంకా రేణువును అంటిపెట్టుకునే ఉందని అర్థం. బూడిదరంగు, నలుపు అంటే అది కరిగిపోయిందని అర్థం. బంగ్లాదేశ్‌లోని మత్‌లబ్ ప్రాంతంలో స్వీడన్ పరిశోధకులు అక్కడి బోరు మేస్త్రీలతో కలిసి ఈ రంగుల జ్ఞానాన్నే నలుపు, తెలుపు, మాసిన తెలుపు, ఎరుపు అని నాలుగు తరగతులుగా క్రమబద్ధం చేశారు. ఎరుపు, మాసిన తెలుపు పొరల్లో చాలావరకు సురక్షితమైన నీళ్లు దొరుకుతాయి. చేతితో పనిచేసేవాళ్ల అనుభవాన్ని శాస్త్రం ఇంత నేరుగా వాడుకున్న సందర్భాలు నా వృత్తిలో నాకు ఎక్కువ కనబడలేదు.

తెల్లకాగితం, గోధుమరంగు

క్షేత్ర పరీక్ష పెద్ద కష్టమైనది కాదు. చిన్న సీసాలో నీళ్లు పట్టి ముందు ఆమ్లపు పొడి వేస్తాం. నీటిలో గంధకం ఉంటే ఫలితం చెడుతుంది కాబట్టి దాన్ని విరిచే మరో పొడి వేస్తాం. ఆఖర్న జింకు పొడి వేసి, పాదరస లవణం పూసిన కాగితపు ముక్కను మూతలో దోపి బిగిస్తాం. నీళ్లు బుసబుసమని పొంగుతాయి. ఆర్సెనిక్ ఉంటే అది వాయువుగా మారి పైనున్న కాగితానికి తగులుతుంది. ఆ వాయువు విషం కనుక ఈ పని ఎప్పుడూ ఆరుబయటే చేయాలి. కిట్టును బట్టి పది నిమిషాలో ఇరవై నిమిషాలో ఆగి మూత తీస్తే కాగితం తెల్లగా ఉండవచ్చు, లేత పసుపు కావచ్చు, గోధుమరంగుకు తిరగవచ్చు. మొదటి తరం కిట్లు 50 దగ్గర్లో ఉన్న నీళ్ల విషయంలో తరచుగా తప్పేవి. తర్వాత వచ్చినవి మెరుగయ్యాయి.

ఒక ఇంట్లో ఆ గోధుమరంగు కాగితాన్ని చూపించినప్పుడు ఆ ఇంటి కోడలు నా మొహం చూడకుండా కాగితం వైపే చూస్తూ, ఈ నీళ్లే ఇరవై ఏళ్లుగా తాగుతున్నాం, ఇప్పుడెందుకు చెబుతున్నారని అడిగింది. వాళ్ల మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన అరచేతులు తిప్పి చూపించారు. ఆవగింజలంత గట్టి బొడిపెలు అరచేతినిండా గుచ్చుకున్నట్టు ఉన్నాయి. ఛాతీ మీద నల్లని చర్మం నడుమ వానచినుకులు పడినట్టు తెల్లచుక్కలు ఉన్నాయి. ఊళ్లో కొందరు దాన్ని కుష్ఠు అనుకుని ఆయన్ను దూరం పెట్టారు. అది అంటువ్యాధి కాదని, నీళ్లు మారిస్తే మేలు జరుగుతుందని వాకిట్లో నిలబడి పెద్దగా, పక్కవాళ్లకు కూడా వినబడేలా చెప్పాను. ఆ మాట చెప్పడం కూడా పరీక్షలో భాగమేనని నేను అనుకుంటాను. ఆ ఇంటి పక్క వాకిట్లోని పంపు నీళ్లకు పెట్టిన కాగితం తెల్లగానే మిగిలింది.

బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో దాదాపు 50 లక్షల బోర్లను ఇలాంటి కిట్లతో పరీక్షించి, మంచివాటికి పచ్చరంగు, చెడ్డవాటికి ఎర్రరంగు పూసింది. సుమారు 14 లక్షల పంపులు ఎరుపెక్కాయి. ప్రజారోగ్య చరిత్రలో ఇది చాలా పెద్ద పని. దాని విలువ తక్కువచేసి చూడకూడదు.

ఫలితం తెలిశాక

ఆరాయ్‌హజార్ ప్రజల్లో దాదాపు తొంభై శాతానికి వంద మీటర్ల లోపే సురక్షితమైన బోరు ఒకటి ఉందని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారితో కలిసి పనిచేసిన బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తమ బోరు చెడ్డదని తెలిసినవాళ్లలో పదింట ఆరుగురి దాకా ఏడాది తిరక్కుండానే వేరే బోరుకు మారారు. అలా మారినవాళ్ల మూత్రంలో ఆర్సెనిక్ తగ్గిందని పరీక్షల్లో రుజువైంది. ఏ యంత్రమూ బిగించకుండా, కరెంటు ఖర్చు లేకుండా, ఒక్క సమాచారంతో ఇంత మేలు జరిగింది. అక్కడే సుమారు 12,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ జనాభాలో సంభవించిన మరణాలలో 21 శాతానికి 10 మైక్రోగ్రాములు దాటిన ఆర్సెనిక్ నీళ్లే కారణమని ఆ అధ్యయనం అంచనా వేసింది.

మారని నలుగురి సంగతి కూడా చూడాలి. పక్కవాళ్ల బోరు పక్కవాళ్ల వాకిట్లో ఉంటుంది. పరదా పాటించే ఇళ్లలో కోడళ్లు బిందె పట్టుకుని పరాయి వాకిట్లోకి వెళ్లడం తేలిక కాదు. గట్టు తగాదా ఉన్న ఇంటికి నీళ్లకు వెళ్లమని చెప్పడం నాకు తేలికే, వెళ్లడం వాళ్లకు కష్టం. నదియాలో ఒక చోట ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకం తేలక, తెల్లకాగితం వచ్చిన అన్న బోరు నుంచి తమ్ముడి ఇంటికి నీళ్లు రావడానికి మేము మూడుసార్లు వెళ్లి కూర్చోవలసి వచ్చింది. అలా గడిపిన పూటలను వృథా అని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఫిల్టర్ల మాటకు వస్తే, నీటిలోని ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం విద్యుదావేశం లేని రూపంలో ఉంటుంది, అది దేనికీ సరిగా అంటుకోదు. ముందు దాన్ని ఆక్సీకరణం చేయాలి. పటిక, పర్మాంగనేట్ వాడే బకెట్ పద్ధతి బంగ్లాదేశ్‌లో కొంతకాలం నడిచింది. ఫ్లోరైడ్‌ను తీయడానికి పటిక, సున్నం వాడే నల్లగొండ టెక్నిక్‌కు ఇది దగ్గరి చుట్టం, దీని ఇబ్బందులూ అవే: రోజూ కొలిచి కలపాలి, కలిపాక తేరుకునే దాకా ఆగాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పరు. కుష్టియాలో పెరిగిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ ఇనుము, ఇసుక, బొగ్గులతో తయారుచేసిన సోనో ఫిల్టరుకు 2007లో అమెరికాలో పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది. అది నిజంగా మంచి ఫిల్టరు. అయినా ఏ ఫిల్టరుకైనా రెండేళ్ల తర్వాత ఎవరు మళ్లీ పరీక్ష చేస్తారన్న ప్రశ్న మిగులుతుంది. ఊరి ఫిల్టర్లు చాలా వాటిని నేను తాళంతోనూ బూజుతోనూ చూశాను.

చెరువు నీళ్లకు, దిగుడు బావులకు తిరిగి వెళ్లమన్న సలహా కూడా కొన్నాళ్లు నడిచింది. అలా తిరిగి వెళ్లిన చోట్ల పిల్లల్లో అతిసార మరణాలు పెరిగాయని తర్వాత ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒకటి తేల్చింది. ఆర్సెనిక్ పేరు చెప్పి పాత శత్రువును ఇంట్లోకి పిలిచినట్టయింది. ఇంకో మెలిక మాంగనీసు. ఆర్సెనిక్ తక్కువగా ఉన్న కొన్ని బోర్లలో మాంగనీసు ఎక్కువగా ఉంటుంది. ఆరాయ్‌హజార్ పిల్లల్లో దాని ప్రభావం తెలివితేటల పరీక్షల్లో కనబడింది. నివేదికలో పరీక్షించని వాటి పేర్లు రాయాలని పట్టుబట్టేది ఇందుకే.

150 మీటర్లు దాటిన లోతైన బోర్లు చాలావరకు మంచి నీళ్లిస్తాయి. ఊరందరికీ ఉమ్మడిగా వేస్తే ఒక్కటి వందల మందికి సరిపోతుంది. కాని వాటిని ఎక్కడ వేయాలో తేల్చేది నేల ఒక్కటే కాదు. పలుకుబడి ఉన్నవాళ్ల వాకిళ్లకు ఈ బోర్లు తరలిపోతున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో వివరంగా రాసింది. రెండు కోట్ల మంది ఇంకా ప్రమాదకరమైన నీళ్లే తాగుతున్నారని అప్పటి అంచనా. ఆ లోతు పొరల నుంచి సేద్యానికి కూడా తోడటం మొదలుపెడితే పై పొరల నీళ్లు కిందికి దిగి వాటినీ పాడుచేస్తాయన్న భయం ఉంది. ఆ నీళ్లను తాగడానికి మాత్రమే అట్టిపెట్టుకోవాలి.

చిలీలోని ఆంటోఫగాస్టా నగరం 1958 నుంచి 1970 దాకా ఆర్సెనిక్ ఎక్కువున్న నది నీళ్లు తాగింది. 1970లో శుద్ధి కేంద్రం పెట్టి సరిచేశారు. ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎక్కువగానే కొనసాగాయి. ఒక బోరు మార్చడాన్ని ఒక్క ఏడాది వాయిదా వేసినా, దాని ఫలితం ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక కనబడుతుంది.

మళ్లీ పరీక్ష

బంగ్లాదేశ్ ప్రభుత్వం పంపులకు పూసిన ఎర్రరంగు వానకు, ఎండకు వెలిసిపోయింది. ఆ సర్వే ముగిశాక తవ్విన లక్షల బోర్లకు ఏ రంగూ లేదు. బోరు మేస్త్రీ దగ్గర కిట్టు ఉండదు, ఇంటివాళ్లకు అది ఎక్కడ దొరుకుతుందో తెలియదు. బీహార్ పల్లెల్లో పరీక్షను డబ్బుకు అమ్మి చూసిన అధ్యయనం ఒకటి ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. 10 రూపాయలకు ఇస్తే మూడింట రెండు వంతులకు పైగా ఇళ్లవాళ్లు కొనుక్కున్నారు, 50 రూపాయలకైతే నాలుగో వంతు కూడా కొనలేదు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి అడిగితే, చెడు ఫలితం వచ్చినవాళ్లే ఎక్కువగా దాన్ని మరిచిపోయారు. మరిచిపోవడాన్ని నేను తప్పుపట్టలేను. వాకిట్లోని నీళ్లు విషమన్న మాటను రోజూ గుర్తుపెట్టుకుని బతకడం ఎవరి తరం?

అందుకే నదియాలో మేము రంగు మానేసి, పంపు మెడకు తీగతో కట్టే రేకు పలకలు వాడాం. ఎర్ర పలక మీద అంకె ఒక్కటే రాస్తే చాలదని తొందరగానే తెలిసింది. అంకె కింద పరీక్ష తేదీ, దాని కింద సురక్షితమైన పక్క బోరు ఏ దిక్కున, ఎవరి వాకిట్లో, ఎన్ని అడుగుల దూరంలో ఉందో బెంగాలీలో రాయించి, ఆ వాకిలివాళ్లు సరేనన్నాకే పలక కట్టేవాళ్లం. గోధుమరంగు కాగితాన్ని చూసి ప్రశ్న అడిగిన ఆ కోడలి పంపుకు కట్టిన పలక మీద దూరం నలభై అడుగులని రాశాం. మర్నాడు పొద్దున మేము అటుగా వెళ్లేసరికి ఆమె రెండు బిందెలతో ఆ నలభై అడుగులూ నడిచి వస్తోంది. గిన్నెలు కడగడానికి మాత్రం సొంత పంపే కొట్టుకుంటానని, అందుకు ఫరవాలేదు కదా అని అడిగింది. ఫరవాలేదని చెప్పాం. అన్నం వండటానికి మాత్రం ఆ నీళ్లు వద్దని, బియ్యం ఉడికేటప్పుడు నీళ్లలోని ఆర్సెనిక్‌ను కూడా పీల్చుకుంటుందని చెప్పి, ఆ మాట కూడా పలక మీద చివరి వరుసలో రాయించాం.